ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్: లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట ఎంతవరకు నిజం?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఏడాదిన్నర క్రితం ఆన్‌లైన్‌లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొన్నాను. మోటారు 250 వాట్లని, లైసెన్సు, రిజిస్ట్రేషన్ అవసరం లేదని ప్రకటనలో ఉంది. సెలవు రోజుల్లో కంబాలకొండ వైపు కొండదారుల్లో తొక్కుతుంటాను. పదిహేనేళ్ల మా అబ్బాయి ట్యూషన్‌కు దాని మీదే వెళ్తాడు. గంటకు 25 కిలోమీటర్లు రాగానే మోటారు ఆగిపోతోందని స్థానికంగా ఒక షాపులో ‘లాక్’ తీయించాను. ఇప్పుడు 40 దాకా పోతోంది. ఈ మధ్య ట్రాఫిక్ పోలీసులు ఆపి ఆర్.సి. అడిగారు, హెచ్చరించి వదిలేశారు. ఇదిలా ఉండగా బ్యాటరీ ఛార్జింగ్ నిలవడం లేదు. నీళ్లు వెళ్లాయంటూ కంపెనీ వారంటీ నిరాకరించింది. చట్టం దృష్టిలో నాది సైకిలా, మోటారు వాహనమా? బ్యాటరీ విషయంలో ఏం చేయవచ్చు?

జవాబు: మీరు కొన్న రోజున అది సైకిలే అయి ఉండవచ్చు. లాక్ తీయించిన రోజు నుంచి మాత్రం అది మోటారు వాహనం. పెడల్స్ ఉన్నంత మాత్రాన చట్టం దాన్ని సైకిల్‌గా చూడదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(28) ప్రకారం యాంత్రిక శక్తితో నడుస్తూ రోడ్డు మీద వాడకానికి అనువుగా ఉన్న ప్రతి వాహనమూ మోటారు వాహనమే. నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉండి, ఇంజిన్ సామర్థ్యం 25 సి.సి. మించని వాటిని ఆ నిర్వచనమే బయట ఉంచింది గానీ, సి.సి. లెక్క ఎలక్ట్రిక్ మోటారుకు కుదరదు కాబట్టి ఆ మినహాయింపు మీకు అక్కరకు రాదు. మీకు పనికివచ్చేది కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 2(యు) నిబంధన. పెడల్ సాయంతో నడిచే సైకిల్‌లో సహాయక మోటారు ముప్పై నిమిషాల శక్తి 0.25 కిలోవాట్ల కన్నా తక్కువగా ఉండాలి. వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం క్రమంగా తగ్గి, 25 కిలోమీటర్ల వేగం వద్ద, లేదా తొక్కడం ఆపితే అంతకు ముందే, పూర్తిగా ఆగిపోవాలి. సరైన బ్రేకులతో పాటు ముందు తెల్లటి రిఫ్లెక్టరు, వెనుక ఎర్రటి రిఫ్లెక్టరు ఉండాలి. ఈ షరతులన్నీ నెరవేరాయని 126వ నిబంధనలో పేర్కొన్న పరీక్షా సంస్థల్లో ఒకటి, అంటే పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ., మానేసర్‌లోని ఐక్యాట్ వంటివి, పరిశీలించి ధ్రువీకరించినప్పుడే ఆ వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు.

చాలామంది చదవకుండా వదిలేసేది ఈ చివరి మాటనే. మినహాయింపు ఇచ్చేది ప్రకటన కాదు, అమ్మకందారు నోటిమాట అంతకన్నా కాదు. పరీక్షా సంస్థ ధ్రువీకరణ. తయారీదారు ఒక మోడల్‌కు తీసుకున్న ధ్రువీకరణ ఆ మోడల్ బండ్లకు, అవి పరీక్షలో ఉన్న స్థితిలో ఉన్నంతవరకు, వర్తిస్తుంది. కాబట్టి మీరు ముందుగా చేయవలసిన పని, మీ మోడల్ పేరు, ఫ్రేము నంబరు రాసి, ఆ ధ్రువీకరణ ప్రతిని ఈ-మెయిల్‌లో కంపెనీని అడగడం. ఇవ్వకుండా దాటవేస్తే ఆ మౌనమే తర్వాత వినియోగదారుల కమిషన్‌లో మీకు సాక్ష్యంగా ఉపయోగపడుతుంది.

ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. నిబంధన చెప్పింది 0.25 కిలోవాట్ల కన్నా ‘తక్కువ’ అని. ఐరోపా ప్రమాణం 250 వాట్ల వరకు అనుమతిస్తుంది కనుక పేరున్న మౌంటెన్ బైక్ మోటార్ల మీద సరిగ్గా 250 వాట్లనే రాసి ఉంటుంది. మన నిబంధనను అక్షరాలా చదివితే 250కి చోటు లేదు. అయితే మోటారు పెట్టె మీద అంకె కన్నా పరీక్షా నివేదికలో నమోదైన ముప్పై నిమిషాల శక్తి ముఖ్యం. అది అరగంట పాటు నిలకడగా ఇవ్వగలిగిన శక్తే తప్ప, ఎత్తు ఎక్కేటప్పుడు క్షణకాలం వచ్చే గరిష్ఠ శక్తి కాదు. అందుచేత ‘గరిష్ఠంగా 600 వాట్లు’ అని కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు, ‘250’ అని కనిపించినంత మాత్రాన నిశ్చింతగానూ ఉండకూడదు.

మీరు అడగకపోయినా, పిల్లలు అమెరికాలో ఉండి అక్కడి నుంచి ఇలాంటి బండి తెప్పించుకోవాలనుకునే కుటుంబాల కోసం ఒక మాట చెప్పాలి. అక్కడి సమాఖ్య చట్టం 750 వాట్ల లోపు మోటారు, మోటారు మీదే నడిస్తే గంటకు 20 మైళ్ల లోపు, అంటే సుమారు 32 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న వాటిని సైకిళ్లుగానే చూస్తుంది. అక్కడ సైకిల్‌గా చలామణీ అయిన బండి ఇక్కడికి రాగానే మోటారు వాహనం అవుతుంది, దానికి మన పరీక్షా సంస్థ ధ్రువీకరణా ఉండదు. పైగా 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులు విమానంలో తీసుకురాకూడదు. మౌంటెన్ బైక్ బ్యాటరీలు సాధారణంగా దానికి మూడు నాలుగు రెట్లు ఉంటాయి.

‘ఇది కొండల్లో తొక్కే బండి, రోడ్డు బండి కాదు’ అనే వాదన కూడా అమ్మకందారులు తరచూ వినిపిస్తారు. అది నిలవదు. బొలానీ ఓర్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు, రోడ్డుపై వాడటానికి పనికివచ్చే వాహనమా కాదా అన్నదాన్నే గీటురాయిగా తీసుకుంది. మీ బండి రోజూ ట్యూషన్‌కు వెళ్లివస్తోంది కదా! అదీగాక, రిజిస్ట్రేషన్ లేకుండా నడపరాదన్న సెక్షన్ 39 బహిరంగ ప్రదేశంతో ఆగక ‘మరే ఇతర ప్రదేశంలోనైనా’ అని కూడా అంటుంది. ప్రజలకు ప్రవేశించే హక్కున్న కొండదారి సెక్షన్ 2(34) ప్రకారం ఎలాగూ బహిరంగ ప్రదేశమే.

ఇక లాక్ సంగతి. షాపుల్లో చేసేది సాధారణంగా రెండు మూడు రకాలు: డిస్‌ప్లే సెట్టింగులోకి వెళ్లి వేగ పరిమితిని మార్చడం, చక్రం చుట్టుకొలతను తప్పుగా నమోదు చేయడం, లేదా వేగాన్ని లెక్కించే సెన్సరును ఏమార్చే చిన్న చిప్ తగిలించడం. ఏది చేసినా 25 వద్ద మోటారు ఆగాలన్న షరతు పోతుంది, దానితో మినహాయింపూ పోతుంది. ఆ తర్వాత ఆ బండి రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేనందుకు సెక్షన్ 192 కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, బీమా లేనందుకు సెక్షన్ 196 కింద 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, తగిన లైసెన్సు లేకపోతే సెక్షన్ 181 కింద 5,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. సెక్షన్ 207 కింద బండిని అక్కడికక్కడే నిర్బంధించవచ్చు. మీ విషయంలో హెచ్చరికతో వదిలేయడం ఆ అధికారి ఔదార్యం. లాక్ తీసిన వ్యాపారి కూడా చట్టానికి దూరంగా లేడు. నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చే డీలరుకు సెక్షన్ 182ఎ(1) కింద ఏడాది వరకు జైలు లేదా ఒక్కో వాహనానికి లక్ష రూపాయల జరిమానా ఉంది.

పోనీ, రిజిస్టర్ చేయించుకుంటానంటారేమో. అదీ సాధ్యం కాదు. మోటారు వాహనంగా నమూనా ఆమోదం లేని, అంటే ఆ మోడల్‌ను పరీక్షించి మోటారు వాహనంగా ఆమోదించని బండిని రవాణా కార్యాలయం రిజిస్టర్ చేయదు. మీకు మిగిలినది ఒకటే దారి: అధీకృత సర్వీసు సెంటరులో అసలు స్థితికి మార్పించి, ఆ పని వివరంగా రాసిన జాబ్ కార్డు తీసుకుని దాచుకోవడం.

జరిమానాల కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ప్రమాదం. 40 వేగంలో మీరు ఒక వృద్ధుణ్ణి గుద్దారనుకోండి. మోటారు వాహనమే కాబట్టి బాధిత కుటుంబం సెక్షన్ 166 కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. థర్డ్ పార్టీ బీమా లేదు కనుక లక్షల్లో పరిహారం తేలితే ప్రతి రూపాయీ మీ జేబులోంచే, మీ ఆస్తుల్లోంచే రావాలి. క్రిమినల్ కేసు దానికి అదనం. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 281 నిర్లక్ష్యంగా వాహనం నడపడాన్ని నేరంగా చూస్తుంది, సెక్షన్ 106(1) నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఐదేళ్ల వరకు శిక్ష విధిస్తుంది. ఈ రెండూ మామూలు సైకిల్ తొక్కేవారికి కూడా వర్తిస్తాయన్నది వేరే సంగతి.

దీనికి ఎదురు సందర్భం కూడా చెప్పాలి. మిమ్మల్నే ఒక లారీ గుద్దితే, లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో మీ తప్పూ ఉందని తేల్చేయడానికి వీల్లేదని సుధీర్ కుమార్ రాణా కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అవతలి బీమా కంపెనీ న్యాయవాది మీ బండి వేగాన్ని, తీసేసిన లాక్‌ను వదిలిపెట్టడు. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు ఇప్పుడు ఆరు నెలల గడువు ఉందని కూడా గుర్తుంచుకోండి.

మీ అబ్బాయి విషయంలో ఆలస్యం వద్దు. మినహాయింపు ఉన్న బండికి మోటారు వాహనాల చట్టం వయసు పరిమితి పెట్టలేదు, కాబట్టి అసలు స్థితిలో ఉన్న బండి మీద అతడు ట్యూషన్‌కు వెళ్లడం నేరం కాదు. లాక్ తీసిన బండి మీద వెళ్తే మాత్రం సెక్షన్ 199ఎ కింద శిక్ష పడేది సంరక్షకుడికి, అంటే మీకు: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. తెలియకుండా జరిగిందని నిరూపించుకుంటే తప్పించుకోవచ్చు గానీ, లాక్ తీయించినది మీరే కనుక ఆ వాదన మీకు మిగలలేదు. ఆపైన అతడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఈ జవాబు చదివాక, బండి మార్పించే వరకు తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972లోని సెక్షన్ 27 ప్రకారం అనుమతి లేకుండా అందులోకి వెళ్లకూడదు. అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించేవారికి మాత్రం మినహాయింపు ఉంది. సెక్షన్ 28 కింద పర్యాటకం కోసం అనుమతి ఇవ్వవచ్చు కాబట్టి, సందర్శకులకు తెరిచిన భాగంలో టికెట్టు తీసుకుని, సైకిల్‌కు అనుమతి ఉందో లేదో కౌంటరులోనే అడిగి వెళ్లండి. కంచె పక్కనుంచి పశువుల బాట పట్టుకుని లోపలికి వెళ్లడం నేరం. 2022 సవరణ తర్వాత సెక్షన్ 51 కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు, బండిని స్వాధీనం చేసుకునే అధికారమూ అటవీ అధికారులకు ఉంది. అభయారణ్యం కాని రిజర్వు అడవుల్లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 వర్తిస్తుంది; అక్కడా అక్రమ ప్రవేశం నేరమే. ఈ చట్టాలకు మోటారు ఉందా లేదా అన్నదానితో పని లేదు.

నిర్వహణలో చట్టానికి సంబంధించినవి కొన్నే ఉన్నాయి. గతుకుల్లో చప్పుడు చేస్తున్నాయనో, బురద పడుతున్నాయనో కొండదారుల్లో తిరిగేవారు రిఫ్లెక్టర్లు పీకేస్తుంటారు. అవి మినహాయింపు షరతుల్లో భాగమని పైన చెప్పాను, తిరిగి బిగించండి. బ్రేకు ప్యాడ్లు మార్చినప్పుడల్లా బిల్లు తీసుకోండి. ప్రమాదం జరిగితే బండి మంచి స్థితిలో ఉందని చూపించేది ఆ కాగితమే.

ఇప్పుడు బ్యాటరీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మీరు నివసిస్తున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, అమ్మకందారు ఊరికి పరుగెత్తనవసరం లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. ‘నీళ్లు వెళ్లాయి’ అన్నది కంపెనీ వాదన; దానికి ఆధారంగా తెరిచిన బ్యాటరీ ఫోటోలు, సాంకేతిక నివేదిక ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. లోపం ఉందో లేదో పరీక్ష లేకుండా తేలని పక్షంలో సెక్షన్ 38 కింద వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం జిల్లా కమిషన్‌కు ఉంది. ప్రకటనలో వానలోనూ, బురదలోనూ తొక్కవచ్చని చూపించి ఉంటే ఆ పేజీని ఇప్పుడే భద్రపరచుకోండి, రేపు అది ఉండకపోవచ్చు. మౌంటెన్ బైక్ అని అమ్మి, తడి తగిలితే వారంటీ లేదనడం నా దృష్టిలో బలహీనమైన వాదన. ప్రెషర్ వాషర్‌తో మోటారు దగ్గర కడిగి ఉంటే మాత్రం బలహీనపడేది మీ వాదన.

మీ కేసుకు అసలు దెబ్బ మళ్లీ ఆ లాకే. సెన్సరుతో ఆటలాడితే గుర్తుపట్టి నమోదు చేసుకునే మోటారు వ్యవస్థలు ఉన్నాయి, సర్వీసు సెంటరులో కంప్యూటరుకు కలిపితే సంగతి బయటపడుతుంది. కాబట్టి దాన్ని దాచి ఫిర్యాదు చేయకండి. లాక్ తీయించిన తేదీ, బ్యాటరీ ఇబ్బంది మొదలైన తేదీ రెండూ నిజాయితీగా రాయండి. ఇబ్బంది ముందే మొదలైతే మీకు బలం. తర్వాత మొదలైతే ఆ మార్పు వల్లే బ్యాటరీ చెడిందని కంపెనీ చూపించాల్సి ఉంటుందని వాదించే వీలుంది, కానీ గెలుపు మీద నేను భరోసా ఇవ్వలేను. వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి, అందువల్ల ఈ నెలలోనే నోటీసు పంపించండి. ఈలోగా ఆ పాత బ్యాటరీని ఎక్స్‌ఛేంజికో, పాత సామాన్ల వాడికో ఇచ్చేయకండి. కేసు తేలే వరకు అదే మీ ప్రధాన సాక్ష్యం. తేలిన తర్వాత కూడా బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 ప్రకారం దాన్ని ఇంటి చెత్తలో కలపకుండా సేకరణ కేంద్రానికే అప్పగించాలి.