మా ఊళ్లో యుద్ధాలు చూసిన మాజీ సైనికులు ఉన్నారు. వాళ్ల జ్ఞాపకాలను ఎలా భద్రపరచాలి?

ముందు ఆగస్టు 15కి వాళ్లని స్టేజీ ఎక్కించి శాలువా కప్పడం మానేయండి. వెటకారం కాదు, నిజంగానే చెబుతున్నాను. మెడలో దండ వేసి, చేతిలో మెమెంటో పెట్టి, "రెండు ముక్కలు మాట్లాడండి సార్" అని మైకు ఇస్తే ఆ పెద్దాయన ఏం మాట్లాడతాడు? దేశభక్తి, క్రమశిక్షణ, యువత అంటూ ఓ నిమిషం మాట్లాడి, జై హింద్ అని కూర్చుంటాడు. ఏటా అదే. కొన్నేళ్లకు ఇంట్లో ఎవరడిగినా నోటికి అవే వస్తాయి. మన ఊళ్లలో యుద్ధ జ్ఞాపకాలను మతిమరుపు కన్నా సన్మానాలే ఎక్కువ పాడుచేశాయని నా గట్టి నమ్మకం.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఆ మండలంలోనే మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ సైన్యంలోకి మనుషుల్ని పంపుతూ "మిలిటరీ మాధవరం" అనిపించుకున్న ఊరు. మా ఊరికి అంత పేరు లేదు గానీ ఆ గాలి మాకూ తగిలింది. మా పెదనాన్న బెంగళూరు వెళ్లి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో సాపర్‌గా చేరారు. పేరులో ఇంజనీర్ అని ఉండేసరికి ఊళ్లో చాలామంది ఆయన ఇంజనీరే అనుకునేవారు. సాపర్ల పని వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం, దారి వేయడం. 1971 యుద్ధంలో జెస్సోర్ మీదుగా తూర్పు పాకిస్తాన్‌లోకి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోకి, వెళ్లిన దళాల వెంట ఆయనా ఉన్నారు. హవల్దార్‌గా రిటైరయ్యారు. ఒకసారి ఓ పేపరువాళ్లు జిల్లా పేజీలో ఫొటో వేసి కింద "మేజర్" అని రాశారు, అది ఆఫీసర్ల హోదా. సర్వీసు వివరాలుండే డిశ్చార్జి బుక్ చూపించమని కూడా అడగలేదు. ఇదీ మనవాళ్ల చరిత్ర రచన.

నేను ఫోన్ ఆన్ చేసి ఆయన ముందు పెట్టి "యుద్ధం గురించి చెప్పండి పెదనాన్నా" అంటే వచ్చింది ఇదీ: డిసెంబర్ 3న మొదలైంది, 16న ఢాకాలో లొంగిపోయారు, 93 వేల మందిని ఖైదు చేశాం. ఇవి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నాయి. ఢాకా ఆయన చూడనే లేదు. టీవీలో విన్నదే నాకు చెబుతున్నారు, అదీ అటెన్షన్‌లో కూర్చుని.

అసలు సంగతి మొదలైంది పక్కూరి నుంచి ఆయన స్నేహితుడు వచ్చాక. ఆయన కూడా అప్పట్లో అటువైపే మిలిటరీ లారీ నడిపాడు. మిలిటరీ క్యాంటీన్ నుంచి తెచ్చిన సీసా అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. పెదనాన్న ఏదో కాలువ మీద రాత్రికి రాత్రే వంతెన వేసేశామని అన్నారో లేదో, "రాత్రికి రాత్రేంట్రా! నా బండి ఆ గట్టు మీద రెండ్రోజులు నిలబడింది. ఆకలితో చచ్చాం" అని ఆయన లేచాడు. ఇక చూడండి. ఇద్దరికీ డెబ్బై దాటింది, మాటల్లో మాత్రం ఇరవై ఏళ్లవాళ్లే. విడి ఇనప ప్యానెళ్లు బిగించి కట్టే బెయిలీ వంతెనలో ప్యానెల్ ఒక్కోటి 260 కిలోలు ఉంటుందట. ఆరుగురు కలిసి మోయాలి. ఎత్తులో తేడా ఉన్నవాళ్లని కలిపితే బరువంతా పొడుగోడి మీదే పడుతుంది కాబట్టి సమానంగా ఉన్నవాళ్లని ఏరి జత కట్టేవారు. పెదనాన్న పొడగరి కావడంతో ఆయనకి సరైన జత దొరికేది కాదు. "ఈ భుజం అప్పుడే పోయింది" అని చొక్కా పక్కకి లాగి చూపించారు. ఆ భుజం నొప్పికి నేనే ఎన్నోసార్లు మందు తెచ్చిచ్చాను. పొలం పనుల వల్ల వచ్చిందనే ఇంట్లో అందరం అనుకునేవాళ్లం.

మందుపాతరలు ఎలా వెతికేవారో చెప్పారు. బోర్లా పడుకుని చువ్వని ఏటవాలుగా నేలలోకి గుచ్చుతూ జరగాలి. నిట్టనిలువుగా గుచ్చితే పాతర పైభాగం నొక్కుకుని పేలుతుంది. అక్కడి బురద మన వరి మడిలా ఉండేదట. ఉత్తరాదివాళ్లు బూట్లతో తంటాలు పడుతుంటే "తంబీలు చూడు ఎలా దిగుతున్నారో" అని వాళ్ల ఆఫీసరు మురిసిపోయేవాడట. మద్రాస్ సాపర్లని తంబీలు అనే పిలుస్తారు. బురదలో నడవడం గోదావరోళ్లకి ఒకళ్లు నేర్పాలా అని ఇద్దరూ ఏకమై నవ్వారు. వంతెన ఎన్ని గంటల్లో పూర్తయిందన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడమే మంచిది. రికార్డింగులో రెండు మాటలూ ఉన్నాయి.

మధ్యలో లోపల్నుంచి దొడ్డమ్మ కేకేసింది: "క్షేమమని ఉత్తరం వెంటనే రాశానంటారేంటి! అది సంక్రాంతి వెళ్లాక వచ్చింది." అప్పటికి వాళ్ల పెళ్లై ఏడాది. ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, కేరాఫ్ 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే. ఆ 99 ఎక్కడుందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మా తాత రోజూ రేడియో ఉన్నవాళ్ల ఇంటికెళ్లి వార్తలు విని వచ్చేవాడు. అర్థమైనంత ఇంట్లో చెప్పేవాడు, చావుల సంగతి దాచేవాడు. సైకిల్ బెల్లు వినబడితే టెలిగ్రామేమోనని ఆవిడ పెరట్లోకి పారిపోయేదట. ఇంతకాలంలో ఆవిడని ఒక్కరైనా అడిగారా? సన్మాన సభలో ఆవిడకి ఆడవాళ్ల వరసలో చివరి కుర్చీ. మీరు రికార్డు చేసేటప్పుడు భార్యనీ కూర్చోబెట్టండి. ఆయన మర్చిపోయిన తేదీలన్నీ ఆవిడ దగ్గరుంటాయి, పండగల లెక్కలో.

ఇంకో మాట. "మా సెక్షన్లో శ్రీకాకుళం కుర్రాడు ఒకడుండేవాడు" అని మొదలుపెట్టి పెదనాన్న ఆగిపోయారు. "అది ఆపరా" అన్నారు, ఆపేశాను. చాలా రోజుల తర్వాత ఆయనే పిలిచి మొత్తం చెప్పారు, ఒక షరతు పెట్టి. "వాడి తమ్ముళ్లున్నారు. వాడు ఎలా పోయాడో వాళ్లకి వేరేలా చెప్పాం. వాళ్లుండగా ఎవరికీ వినిపించకు." ఆ ఫైలు విడిగా ఉంది, దాని మీద షరతు కూడా రాసి ఉంది. యూట్యూబ్ చానెళ్లవాళ్లు వచ్చి వెనకాల వయొలిన్ పెట్టి, "కన్నీళ్లు ఆగవు" అని థంబ్‌నెయిల్ వేసి పెట్టే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. ఏది బయటపెట్టాలో, ఎప్పుడు పెట్టాలో చెప్పే హక్కు చెప్పినవాడిది.

వస్తువుల సంగతి. ప్రతి ఫౌజీ ఇంట్లో నల్ల ట్రంకు పెట్టె ఒకటి ఉంటుంది, తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసి. ఇంటికి సున్నాలు వేసేటప్పుడు అది పాత సామాన్లవాడి బండెక్కుతుంది. అంతకుముందే వెళ్లి తెరిపించండి. డిశ్చార్జి బుక్, ఉత్తరాలు, గ్రూప్ ఫొటోలు ఫోన్‌లో తీసుకోండి. ఫొటోలో ఎవరెవరో ఆయన చేతే వేలు పెట్టి చెప్పించి, ఆ మాటలు రికార్డు చేయండి. మనిషి పోయాక ఆ ఫొటోలో మీసాలు తప్ప ఏమీ మిగలవు. మెడల్స్ కూడా చూడండి. 1971 తూర్పు రంగానికి పూర్వీ స్టార్, పడమటికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. ఆయన ఎక్కడున్నాడో మాటల్లో గందరగోళంగా ఉన్నా స్టార్ చెప్పేస్తుంది.

ప్రభుత్వం దగ్గర అన్నీ ఉంటాయిలే అనుకునేవాళ్లకు ఒక సంగతి. 1971కి సంబంధించిన తూర్పు కమాండ్ రికార్డులు చాలావరకు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. చైనాతో 1962 యుద్ధంలో ఓటమి మీద ఇచ్చిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ బయటపెట్టలేదు. యుద్ధ చరిత్రల రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బయటపెట్టాలని రక్షణ శాఖ విధానం చేసిందే 2021లో. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2000 నుంచి మామూలు సైనికుల మాటలు సేకరిస్తోంది. కనీసం అరగంట మాట్లాడించాలని నియమం. మన సభల్లో ఎమ్మెల్యే గారి ప్రసంగం ఒక్కటే అరగంట.

మీరు అడగకపోయినా ఇది చెప్పి తీరాలి. 1987 నుంచి 1990 దాకా భారత శాంతి సేనలో శ్రీలంక వెళ్లి పనిచేసి వచ్చినవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. అక్కడ మనవాళ్లు సుమారు 1,200 మంది చనిపోయారు. వాళ్లకి శాలువా కూడా దక్కదు, గెలిచామని చెప్పుకోవడానికి వీల్లేని యుద్ధం కాబట్టి. వాళ్ల వయసు ఇప్పుడు అరవై అటూ ఇటూ. బుర్ర చురుగ్గా ఉంటుంది, చెప్పడానికీ సిద్ధంగా ఉంటారు, అడిగేవాడే లేడు. నేనైతే ముందు వాళ్ల దగ్గరికే వెళ్తాను. ఎక్కడ దొరుకుతారంటారా? నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం బ్యాంకు దగ్గర, నెలకోసారి సరుకుల కోసం క్యాంటీన్ క్యూలో. క్యూ ఎలాగూ గంటసేపు కదలదు. పక్కన నిలబడి "ఏ యూనిట్ అండీ?" అని అడగండి చాలు.