బైకును ముందు బైకుగా చూడు

చిరంజీవికి,

జపాన్ అమ్మాయిల ముఠా సినిమాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇష్టంగా, రెండోసారి ఎర్రసిరా కలంతో. ‘బైకు ఆ అమ్మాయిల స్వేచ్ఛకు ప్రతీక’ అన్న మాట ఏడు చోట్ల ఉంది. బైకు రంగు ఒక్క చోటా లేదు. దాని మీద కూర్చున్నది ఎవరో, కూర్చోబెట్టింది ఎవరో అసలే లేదు.

1958లో జపాన్ హాళ్లలో 112 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. 1970కి అవి 25 కోట్లకు పడిపోయాయి. టీవీ వచ్చి సంసారాలను ఇంట్లో కూర్చోబెట్టేసింది. ఇక మిగిలిన కుర్రకారును హాలుకు రప్పించాలని నిక్కత్సు సినిమా కంపెనీ ఆ ఏడాదే అమ్మాయిల ముఠాల మీద ‘స్ట్రే క్యాట్ రాక్’ అనే సినిమాల వరుస మొదలుపెట్టింది. మొదటి సినిమాలో బైకు మీద వచ్చేది అకికో వాదా, అప్పటికే పేరున్న గాయని. కంపెనీ అమ్మాలనుకున్నది ఆవిడను. జనం గుర్తుపెట్టుకున్నది పక్కనున్న నటి మెయికో కాజీని. ఏడాది తిరక్కుండా ఐదు సినిమాలు! 1971 చివర్లో నిక్కత్సు శృంగార చిత్రాలకు మళ్లితే కాజీ తోయెయ్ కంపెనీకి వెళ్లిపోయింది.

తోయెయ్ సంగతి నువ్వు మరీ దాటేశావు. 1972లో నోరిఫుమి సుజుకి తీసిన ‘గర్ల్ బాస్ గెరిల్లా’లో టోక్యోలోని షింజుకు అమ్మాయిలు ఎర్ర హెల్మెట్లతో క్యోటో మీద పడతారు. వాళ్లు తన్నినప్పుడు మన చేత ఈల వేయించే కెమెరాయే వాళ్ల బట్టలు ఊడుతుంటే కళ్లప్పగించి చూస్తుంది. రెండూ ఒకే టికెట్టుకు అమ్మారు. దాని మీద నువ్వు ‘విముక్తి’ అనే దుప్పటి కప్పావు.

నా రెండో కథలో సైకిలు షాపు కుర్రాడు నీళ్ల బేసినులో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తాడు. పేరాగ్రాఫంతా అదే. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని కొట్టేసి ‘జీవితం ఒక చక్రం’ అని వేశాడు. నా పేరుతోనే! ముప్పై ఎనిమిదేళ్లయింది, ఆ కథను ఇప్పటికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు. నువ్వు ఆ సంపాదకుడి పని నీ వ్యాసానికి నువ్వే చేసుకుంటున్నావు.

అసలు ఈ ఉత్తరం రాయించింది మాత్రం నీ నాలుగో పేజీ. ఆ ‘స్ట్రే క్యాట్’ వరుసలోనే దర్శకుడు హసెబె తీసిన ‘సెక్స్ హంటర్’లో కాజీ కోకాకోలా సీసాలను పెట్రోలు బాంబులుగా విసరడం గురించి మూడు వాక్యాలు రాశావు. నాకు పెట్రోలు వాసన వచ్చింది. వెంటనే నాలుగో వాక్యంలో ‘సామ్రాజ్యవాదం’ దిగింది. కథ జరిగేది అమెరికా సైనిక స్థావరం పక్కన, సీసా అమెరికాది. పాఠకుడికి ఆ మాత్రం తెలియదా?

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది తర్వాత.

ముందు ఆ నాలుగో వాక్యం తీసేసి, సీసా పట్టుకున్న చేతిని మళ్లీ చూసి రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి వేయించు, నా కళ్లద్దాలు పాతబడ్డాయి.

ఆశీస్సులతో.