షార్జాలో కోచ్ ఉద్యోగం వచ్చింది, ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా చేయాలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు, ఉండేది అల్వాల్‌లో. ఇండియా తరఫున కొన్ని ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడాను, మోకాలి ఆపరేషన్ తర్వాత ఆపేశాను. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, చేతికి 62 వేలు వస్తుంది. నా భార్య ప్రైవేట్ స్కూల్లో టీచర్, 32 వేలు. పాపకి ఎనిమిదేళ్లు. హోమ్ లోన్ ఇంకా 31 లక్షలుంది, ఈఎంఐ 29 వేలు. ఎఫ్‌డీలో 14 లక్షలు, రెండు ఎల్ఐసీ పాలసీలు ఉన్నాయి. ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) కోచింగ్ ‘బీ’ లైసెన్స్ ఉంది, దాని పైదైన ‘ఏ’ లైసెన్స్ చేయాలని ఉంది, దానికి అన్నీ కలిపి 3 లక్షలవుతుందని నా లెక్క. షార్జాలో ఒక అకాడమీ నెలకి 9,000 దిర్హమ్‌లతో రెండేళ్ల కాంట్రాక్టు ఇస్తోంది, అక్టోబర్‌లో చేరమంటున్నారు. వీసా ఖర్చులకని మధ్యలో ఏజెంట్ లక్షా 20 వేలు అడుగుతున్నాడు. ఎఫ్‌డీ తీసి లోన్ తగ్గించి, రాజీనామా చేసి, ఫ్యామిలీతో వెళ్లిపోదామనుకుంటున్నా. మీరేమంటారు?

జవాబు: ముందు ఆ ఏజెంట్ సంగతి తేల్చేద్దాం. అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. యూఏఈ చట్టం ప్రకారం వీసా, రిక్రూట్‌మెంట్ ఖర్చులు ఉద్యోగం ఇచ్చేవాళ్లే పెట్టుకోవాలి. ఇక్కడ రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంట్ అయినా సర్వీస్ చార్జీగా తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. అతని పేరు విదేశాంగ శాఖ వాళ్ల ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. "ముందు విజిట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత మారుద్దాం" అన్నాడంటే ఇక ఫోన్ ఎత్తక్కర్లేదు. అకాడమీతో నేరుగా మాట్లాడండి, ఆఫర్ లెటర్ వాళ్ల కంపెనీ పేరు మీద రావాలి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరమంతా 9,000 అనే అంకె చుట్టూ తిరుగుతోంది. నాకు కనిపించింది మాత్రం "రెండేళ్ల" అన్న మాట. ఆట మానేసినప్పుడు మీ సంపాదన ఒకసారి పడింది, కోటా ఉద్యోగం పట్టుకుంది. కోచ్‌గా బయటికి వెళ్తే అలా పట్టుకునేది ఉండదు, రెండేళ్లకోసారి కాంట్రాక్టు అయిపోతుంది, కొత్తది వచ్చేదాకా చేతిలో ఏమీ ఉండదు, ఒక్కోసారి రెండు నెలలు, ఒక్కోసారి ఎనిమిది. ఓడిపోతే ముందు మార్చేది కోచ్‌నే అని మీకు నేను చెప్పాలా. అందుకని మీ ప్లాన్ ఆ ఖాళీ నెలల దగ్గర మొదలవ్వాలి, జీతం లెక్క తర్వాత.

అలాగని వెళ్లొద్దని అనను. మన హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు. రహీమ్ సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీమ్) వృత్తికి స్కూల్ టీచర్, 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో బంగారు పతకం తెచ్చిన ఇండియా జట్లకి ఆయనే కోచ్. నయీముద్దీన్ గారు 1970 ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్, తర్వాత ఢాకా వెళ్లి అక్కడి క్లబ్బులకి, బంగ్లాదేశ్ జాతీయ జట్టుకి కూడా కోచ్‌గా పనిచేశారు. ఆయనకి కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య 1990లో వస్తే, ఆటగాడికిచ్చే అర్జున 1997లో వచ్చింది! ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది నాకు.

రాజీనామా మాత్రం ఇప్పుడే వద్దు. ముందు మీ సంస్థకి రాతపూర్వకంగా అడగండి, జీతం లేని సెలవు ఇస్తారా, విదేశంలో పనిచేయడానికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తారా అని. క్రీడాకారులకి కొన్నిచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల ఫైలు కదలదు. సెలవు పెట్టి, చెప్పకుండా అక్కడ జీతం తీసుకోవడం మాత్రం చేయకండి, రేపు ఎవరో ఒకరు ఫొటో పెడతారు, ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో విజిల్‌తో ఉన్న మనిషిని దాచడం కష్టం, విచారణ దాకా వెళ్తుంది. మీ సంస్థ సెలవు, ఎన్ఓసీ కాదంటే అప్పుడు రాజీనామా గురించి ఆలోచిద్దాం, ఈలోగా మీ పెన్షన్, గ్రాట్యుటీ ఏమవుతాయో అకౌంట్స్ సెక్షన్‌లో కాగితం మీద రాయించుకోండి.

ఫ్యామిలీ విషయంలో మీరు చేదు మాటే వినాలి. దిర్హమ్‌ని 23 రూపాయలనుకుంటే 9,000 అంటే 2 లక్షల 7 వేలు. వినడానికి బాగుంది. మీరొక్కరే షేరింగ్‌లో ఉండి గది, తిండి, రవాణా 3,500లో సర్దుకుంటే 5,500 మిగులుతుంది, అంటే లక్షా 26 వేల 500. మీ ఆవిడ జీతం కలిపితే నెలకి లక్షా 58 వేల 500. ఇప్పుడు మీ ఇద్దరిదీ కలిపి 94 వేలు. అంటే తేడా 64 వేల 500, అదీ వారాంతాల్లో బిర్యానీకి బయటికి వెళ్లకుండా ఉంటేనే. అదే అందరూ వెళ్లారనుకోండి, ఆవిడ 32 వేలు ఆగిపోతాయి, ఇంటద్దె, పాప స్కూలు ఫీజు, స్కూల్ బస్సు, పైగా ఇక్కడి ఈఎంఐకి నెలనెలా 1,260 దిర్హమ్‌లు పంపాలి. నెలాఖరుకి వెయ్యి దిర్హమ్‌లు మిగిలితే గొప్ప. ఒక సీజన్ ఒంటరిగా వెళ్లండి. అకాడమీ జీతం టైముకి ఇస్తోందా, మీకు ఆ పని నచ్చిందా అన్నది ఆరు నెలల్లో తెలిసిపోతుంది. కావాలంటే పాప సెలవుల్లో వాళ్లిద్దరూ ఓ నెల వచ్చి ఉంటారు.

ఎఫ్‌డీ తీసి లోన్ కట్టొద్దు. 31 లక్షల్లో 14 పోస్తే మనసు తేలికవుతుంది కానీ ఉద్యోగం లేని నెలలో బ్యాంకు ఆ డబ్బు వెనక్కి ఇవ్వదు. ఇంటి ఖర్చు 35 వేలనుకుందాం, ఈఎంఐ 29 వేలు, మొత్తం 64 వేలు. తొమ్మిది నెలలకి 5 లక్షల 76 వేలు. దాన్ని విడిగా పెట్టండి, అదే మీ రెండు కాంట్రాక్టుల మధ్య జీతం. ఏ లైసెన్స్‌కి 3 లక్షలు పక్కన పెట్టండి, ఇది మీ మొత్తం ప్లాన్‌లో నేను సంతోషంగా ఖర్చు పెట్టించే డబ్బు. ఇండియాకి ఆడానన్న పేరు మొదటి తలుపు తెరుస్తుంది, ఆ తర్వాత అన్నిచోట్లా అడిగేది ‘ఏ’ లైసెన్స్ ఉందా, దాని పైదైన ‘ప్రో’ ఉందా అనే. బీ దగ్గరే ఆగిపోతే పదేళ్ల తర్వాత కూడా పదేళ్ల పిల్లలకే నేర్పిస్తుంటారు, జీతం కూడా అక్కడే ఉంటుంది. మిగిలిన 5 లక్షల పైచిలుకులో లక్షన్నర ప్రయాణానికి, మొదటి నెలలకి. తక్కినది ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి.

కాంట్రాక్టులో నేను చూసేవి మూడు నాలుగే. జీతం పన్నెండు నెలలకా, పదికా? అక్కడ ఎండలకి జూన్ నుంచి ఆగస్టు దాకా బయట ఆట తగ్గిపోతుంది, కొందరు సీజన్ వరకే ఇస్తారు. 9,000లో బేసిక్ ఎంత? వెళ్లిపోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే, మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్. బేసిక్ 3,600 అయితే రెండేళ్లకి 5,040 దిర్హమ్‌లు, 6,000 అయితే 8,400. మాట్లాడి పెంచమనండి, వాళ్లకి నెలనెలా అయ్యే ఖర్చేమీ పెరగదు. మధ్యలో తీసేస్తే ఎంత ఇస్తారు, తిరుగు టికెట్ ఎవరిది అన్నది కూడా రాయించుకోండి. ఇంకో సంగతి చాలామంది కోచ్‌లకి తెలియదు. ఫుట్‌బాల్ సంఘంలో ఉన్న క్లబ్బుతో అయితే 2021 నుంచి ఫిఫా నిబంధనల్లో కోచ్‌లకి విడిగా ఒక భాగం ఉంది, రెండు నెలల జీతం బాకీ పడితే 15 రోజుల నోటీసిచ్చి బయటికి రావచ్చు, ఫిఫా ట్రిబ్యునల్‌కి ఫీజు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు, కాకపోతే రెండేళ్లలోపు. మీది ప్రైవేట్ కంపెనీ నడిపే అకాడమీ అయితే ఆ దారి దొరకకపోవచ్చు, అక్కడి కార్మిక శాఖ దగ్గరికే వెళ్లాలి. కాబట్టి ఆ అకాడమీ ఏదైనా క్లబ్బుకి చెందిందో కాదో ముందే అడగండి.

ఇన్సూరెన్స్: ఎల్ఐసీ పాలసీలు రెండూ కలిపినా మీ లోన్ కూడా తీరకపోవచ్చు. వెళ్లేముందే ఇక్కడ కోటి రూపాయల టర్మ్ పాలసీ, యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి, మోకాలి ఆపరేషన్ దాచకుండా రాయండి. గల్ఫ్ వెళ్తున్నానని కూడా చెప్పండి. మీ ఆవిడకి, పాపకి ఇక్కడి హెల్త్ పాలసీ ఆపొద్దు.

బ్యాంకు లెక్క వేరు, ఇన్‌కమ్ టాక్స్ లెక్క వేరు. ఉద్యోగానికి విమానం ఎక్కిన రోజు నుంచే ఫెమా (విదేశీ మారక చట్టం) దృష్టిలో మీరు ఎన్నారై, సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా (ఎన్నారైలు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఖాతా) మార్పించాలి, అక్కడి జీతం పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓలోకి మారిన ఎఫ్‌డీ వడ్డీ మీద 30 శాతం పైనే టీడీఎస్ కోస్తారు, కంగారు పడకండి, రిటర్న్ వేస్తే ఎక్కువ కోసింది వెనక్కొస్తుంది.

టాక్స్‌కి మాత్రం రోజులు లెక్కపెడతారు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇండియాలో 182 రోజులు ఉన్నారంటే ఆ ఏడాదికి మీరు రెసిడెంటే, షార్జా జీతం కూడా ఇక్కడ చూపించాలి. అక్టోబర్‌లో వెళ్తే సరిగ్గా అదే జరుగుతుంది, ఆరు నెలల జీతం 12 లక్షల పైన, దానికి ఇక్కడి ఆరు నెలలది కలిపితే కట్టాల్సిన పన్ను లక్ష రూపాయల పైమాటే. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికి కూడా ఏమీ ఉండదు. సీజన్ ఎలాగూ సెప్టెంబర్‌లో మొదలవుతుంది కదా, ఓ నెల ముందుగా చేర్చుకోమని అడగండి, ఎన్ఓసీ అప్పటికి వచ్చేలా ఈ వారమే అప్లై చేయండి. అలాగని సెప్టెంబర్ 20న వెళ్లి నిశ్చింతగా ఉండిపోకండి, అప్పటికే 173 రోజులు అయిపోయి ఉంటాయి. సంక్రాంతికి పది రోజులు ఇంటికొస్తే 183. పదో తారీఖున వెళ్తే 163, అప్పుడు ఆ పది రోజులూ హాయిగా ఉండి వెళ్లొచ్చు.