టోక్యోలో ఎత్తైన బిల్డింగ్ పైన ఇటాలియన్ భోజనం: గుడ్డు కూడా ముట్టని అమ్మను తీసుకెళ్లొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "వసంతకాలంలో అమ్మానాన్నలు టోక్యో వస్తున్నారు. ఎత్తైన బిల్డింగ్ పై అంతస్తులో ఉండే ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లాలని ఉంది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అంత డబ్బు పెడితే ఆవిడ తినగలిగేది ఏమైనా ఉంటుందా?"

ఉంటుంది, తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే అమ్మగారు ఏం తినరో అక్కడ కూర్చున్నాక చెబితే లాభం లేదు. నాలుగైదు రోజుల ముందే, రాతలో, ఒక్కో వస్తువు పేరు పెట్టి చెప్పాలి. ఈ చిన్న విషయం తెలియక ఒకసారి మా ఆవిడను బాధపెట్టాను. తెలుసుకున్నాక మా అమ్మానాన్నలకు ఒక మంచి మధ్యాహ్నం ఇవ్వగలిగాను. రెండూ చెబుతాను.

నేను ఉండేది నిషి కసాయ్‌లో. టోక్యోకి వచ్చిన కొత్తలో మా ఆవిడ పుట్టినరోజుకి షింజుకు వైపు ఒక పెద్ద బిల్డింగ్ పై అంతస్తులో రాత్రి భోజనం బుక్ చేశాను. తను శాకాహారి. బుకింగ్‌లో "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. కిటికీ పక్కన సీటు, కింద ఊరంతా దీపాలు, అంతా బాగానే ఉంది. మొదట కూరగాయల సూప్ వచ్చింది. రెండు చెంచాలు తాగి, తను ఎందుకో ఆగి, ఇందులో ఏముందని అడగమంది. అడిగితే, అన్నీ కూరగాయలేనండీ, చికెన్ ఉడికించిన రసంలో చేశాం అన్నారు. తర్వాత వచ్చే పాస్తా సాస్‌లో ఆంచొవీ అనే ఉప్పుచేప కరిగించి ఉందట. వాళ్లేమీ దాచలేదు, మోసం చేయలేదు. ముక్క కనిపించకపోతే అది కూరగాయల వంటకమే అని వాళ్ల లెక్క. మార్చగలరా అంటే, ఈ పూటకి సాస్‌లు, రసాలు అన్నీ పొద్దున్నే సిద్ధం చేసుకున్నాం, ఇప్పుడు వీలుకాదని నాలుగుసార్లు వంగి మరీ క్షమాపణ చెప్పారు. తను బ్రెడ్డు, ఆకుకూరల సలాడ్ తిని లేచింది. నన్ను ఒక్క మాట అనలేదు. లిఫ్ట్‌లో దిగుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్లి పెరుగన్నం తిందాం" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ తర్వాత పట్టుబట్టి తెలుసుకున్నాను. జపాన్‌లో మంచి రెస్టారెంట్ వంటగది మనం ముందు రోజుల్లో చెప్పిన దాని మీద నడుస్తుంది. ఆ రోజు ఎంతమంది వస్తున్నారు, ఎవరు ఏం తినరు అన్న లెక్క మీదే సరుకు తెస్తారు, రసాలు కాస్తారు. లెక్కలో మన మాట ఉంటే మన కోసం విడిగా వండుతారు. లేకపోతే మీరు ఎంత బతిమాలినా బల్ల దగ్గర మెనూ మారదు. మన హోటల్లో "బాబూ, ఉల్లిపాయ లేకుండా ఒకటి వెయ్" అంటే అప్పటికప్పుడు వేసిస్తారు కదా, ఆ అలవాటుతో ఇక్కడికి వస్తే దెబ్బతింటాం.

పోయినసారి అమ్మానాన్నలు సకురా పూలు చూడ్డానికి వచ్చారు. తెనాలి నుంచి. ఏప్రిల్ మొదటి వారంలో వాళ్ల 40వ పెళ్లిరోజు. టోక్యో స్టేషన్‌కి మరునౌచి వైపు, ముప్పై అంతస్తుల పైన ఉన్న ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో మధ్యాహ్నం భోజనానికి నలుగురికి బుక్ చేశాను. ఈసారి వారం ముందే ఈమెయిల్ రాశాను. వెజిటేరియన్ అన్న మాట అసలు వాడలేదు. ఒక్కొక్కటీ పేరు పెట్టాను. మాంసం, కోడి, చేప, రొయ్య, గవ్వచేపలు, గుడ్డు, వీటిలో దేంతోనైనా కాచిన రసం, జపనీస్ దాషి (సాధారణంగా ఎండుచేపతో కాచే రసం), ఆంచొవీ, బేకన్, జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసి తీపి గడ్డకట్టడానికి వేసేది) అమ్మ తినదు. పాలు, వెన్న, మీగడ తింటుంది.

ఇటాలియన్ వంటలో మన శాకాహారులకు తెలియకుండా తగిలేవి ఇవే. ఎండు పాస్తా, అంటే స్పఘెట్టి, కాపెల్లీని లాంటివి, మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లతోనే చేస్తారు. కానీ ఖరీదైన చోట్ల "చేత్తో చేసిన తాజా పాస్తా" అని గొప్పగా పెట్టే తాలియాతెల్లెలో గుడ్డు ఉంటుంది. రిసోట్టో చూడ్డానికి ఒట్టి అన్నం, వెన్న, చీజ్ లాగే ఉంటుంది కానీ సాధారణంగా మాంసం రసంతో ఉడికిస్తారు. తిరామిసు అనే తీపిలో గుడ్డు సొన, పాన్నా కోట్టా అనే మీగడ తీపిలో జెలటిన్. ఇక పార్మిజానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. ఈ చివరిది తెలిశాక తినాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది, కానీ అమ్మగారికి తెలియకుండా పెట్టొద్దు. నేను చెప్పాను. మా అమ్మ వద్దంది. అది కూడా మెయిల్‌లో రాశాను.

మరునాడే రెస్టారెంట్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి ముందు కాగితం పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతోంది. తేనె తింటారా? పుట్టగొడుగులు తింటారా? మాంసం వండిన పెనం కడిగి వాడొచ్చా, వేరేది పెట్టాలా? ఉల్లి, వెల్లుల్లి ఫరవాలేదా? ఈ చివరి ప్రశ్న విని ఆశ్చర్యపోయాను. తర్వాత తట్టింది, ఇక్కడి బౌద్ధ ఆలయాల్లో వండే షోజిన్ భోజనంలో ఉల్లి, వెల్లుల్లి వేయరు, అందుకే ఆ ప్రశ్న వాళ్లకి కొత్త కాదు. పదిహేను నిమిషాలు మాట్లాడింది. ఫోన్ పెట్టేశాక నాకు సగం టెన్షన్ తీరిపోయింది.

ఆ రోజు టోజాయ్ లైన్ మెట్రోలో ఒతెమచి స్టేషన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి భూగర్భ దారిలోనే నడిచి బిల్డింగ్‌లోకి వెళ్లిపోయాం. పెద్దవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, ఎండా వానా తగలవు, మెట్లు కూడా తక్కువ. లిఫ్ట్ ఎక్కగానే చెవులు మూసుకుపోతాయి, గుటక వేయమని ముందే చెప్పండి. నాన్నకు చెప్పులు మాన్పించి బూట్లు వేయించాను. అలాంటి చోట్ల మగవాళ్లకి చెప్పులు, నిక్కరు పనికిరావు, చొక్కా ప్యాంటు చాలు. అమ్మ మంగళగిరి చీర కట్టుకుంది.

కిటికీ పక్కన ఉండేవి ఎక్కువగా ఇద్దరు కూర్చునే బల్లలు. నలుగురైతే సాధారణంగా ఒక వరస వెనక్కి వేస్తారు. బుక్ చేసేటప్పుడే అడగాలి, కొన్నిచోట్ల దానికి విడిగా డబ్బు తీసుకుంటారు. మాకు మూలన ఉన్న బల్ల దొరికింది. ఒక పక్క ఎర్ర ఇటుకల టోక్యో స్టేషన్. 1914లో కట్టింది, యుద్ధంలో పోయిన గుమ్మటాలను తిరిగి కట్టి 2012లో పాత రూపానికి తెచ్చారు. ఇంకో పక్క చక్రవర్తి కోట చుట్టూ ఉన్న చెట్లు, ఊరి నడిబొడ్డున అంత పచ్చదనం. నాన్న కిటికీ దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. ఈ వీధిలో ఒకప్పుడు 31 మీటర్లకు మించి కట్టనిచ్చేవారు కాదని, జపాన్‌లో మొదటి ఆకాశహర్మ్యం 1968లో వచ్చిన 36 అంతస్తుల కసుమిగసెకి బిల్డింగ్ అని చెబితే, "అయితే నేను పుట్టాక వచ్చినవేనన్నమాట ఇవన్నీ" అన్నారు.

అమ్మకి విడిగా అచ్చు వేసిన మెనూ కాగితం పెట్టారు. మాకున్నన్ని వంటకాలే, అదే వరస, కానీ వేరే వంట. నాకు, నాన్నకు చల్లటి పాస్తా మీద చిన్న మిణుగురు స్క్విడ్‌లు అనే సముద్ర జీవులు, అమ్మకు అదే పాస్తా మీద టమాటా, తులసి జాతి ఆకు. మాకు చేప వచ్చినప్పుడు అమ్మకు వేయించిన లేత వెదురు మొలక, ఆవాల జాతి పూమొగ్గలు, వీటిని ఇక్కడ నానోహానా అంటారు, వసంతంలోనే దొరుకుతాయి. నలుగురికీ ఒకేసారి పళ్లెం దిగేది. ఎవరూ ఖాళీ పళ్లెం ముందు కూర్చుని ఇంకొకరిని చూస్తూ ఉండలేదు. మా ఆవిడకీ అమ్మలాగే వండించాను. తను మొదటి ముద్ద తిని నా వైపు చూసి నవ్వింది.

తర్వాత రిసోట్టో వచ్చింది. కూరగాయల రసంతో, పార్మిజానో లేకుండా. అమ్మ ఒక చెంచా తీసుకుని, ఒక మెతుకు వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూసింది. "అన్నం పలుకు మీదే దింపేశారేంట్రా, ఉడకలేదని చెప్పనా?" అని నన్ను మెల్లగా అడిగింది. వద్దమ్మా, ఇటలీ వాళ్లకి పలుకుండటమే రుచి, పాస్తా అయినా అన్నమైనా అలాగే దింపుతారు అన్నాను. అల్ దెంతే అని వాళ్లు పెద్దగా చెప్పుకునే మాటకి మన వంటింట్లో ఎప్పటి నుంచో పలుకు అనే మాట ఉందని నాకు అప్పుడే వెలిగింది. అమ్మ ఇంకో చెంచా నిదానంగా నమిలి, "పులిహోరకి ఇలాగే వార్చుతాం. ఏ బియ్యమో కనుక్కో" అంది.

అడిగాను. వడ్డించే అతను లోపలికి వెళ్లి చిన్న తెల్ల గిన్నెలో పిడికెడు పచ్చి బియ్యం తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. కార్నరోలి రకం. పొట్టిగా, లావుగా, గింజ మధ్యలో సుద్దలాంటి తెల్లమచ్చ. అమ్మ నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. అతను జపనీస్‌లో, అమ్మ తెలుగులో, మధ్యలో నేను. ఎంతసేపు ఉడికిస్తారు, నీళ్లు ఒక్కసారే పోస్తారా, గరిటెతో కలుపుతూనే ఉండాలా. ఇక్కడ ఇటలీ భోజనాన్ని ఇతమెషి అని కూడా అంటారు, 1980ల చివర్లో ఈ వంటల మీద పెద్ద మోజు మొదలైనప్పటి మాట. మెషి అంటే అన్నం, భోజనం రెండూ. "అన్నం తిన్నావా" అంటే భోజనం అయిందా అని అర్థం చేసుకునే మనకి అది ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

చివర తీపి. బుకింగ్‌లో పెళ్లిరోజు అని రాస్తే పళ్లెం మీద చాక్లెట్‌తో శుభాకాంక్షలు రాసిస్తారు, చాలాచోట్ల ఉచితం. తెలుగులో రాయగలరా అని అడిగి, "పెళ్లిరోజు శుభాకాంక్షలు" అని పెద్ద అక్షరాల్లో రాసిన ఫోటో పంపాను. ఎవరో ఆ అక్షరాలను ముగ్గు వేసినట్టు ఒక్కో వంపూ చూసి దించారు. 'ళ్లి' కింద వత్తు కాస్త పక్కకు జరిగింది, అంతే. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివారు. అమ్మ స్ట్రాబెరీ ఐస్ మొత్తం తింది కానీ అక్షరాల మీద చెంచా ఆనించనివ్వలేదు.

డబ్బు సంగతి. కోర్సు ఒక్కొక్కరికి 7,000 యెన్లు, నలుగురికి 28,000. సోడా నీళ్లు, నాన్నకో జ్యూస్ కలిపి 2,000. దాని మీద సర్వీస్ చార్జి 10 శాతం. మొత్తం 33,000 యెన్లు. పన్ను ధరలోనే కలిపి ఉంది. రాత్రికైతే అలాంటి చోట్ల ఇంతకు దాదాపు రెట్టింపు అవుతుంది, అందుకే పెద్దవాళ్లతో మధ్యాహ్నమే మేలు, వాళ్లకి అరుగుదలకీ మంచిది. టిప్ పెట్టకండి, ఇక్కడ ఆ ఆచారం లేదు. నీళ్లు కావాలా అంటే సీసా నీళ్లకి డబ్బు పడుతుంది, మామూలు నీళ్లు చాలంటే ఉచితంగా ఇస్తారు. బడికి వెళ్లని పిల్లలు ఉంటే ముందే అడగండి, కొన్నిచోట్ల రానివ్వరు.

భూకంపం వస్తే ఎలా అని నాన్న అడిగారు, మీ వాళ్లూ అడుగుతారు. ఈ బిల్డింగులు విరగకుండా ఊగేలా కడతారు. 2011 మార్చి 11న షింజుకులో ఎత్తైనవి పది నిమిషాలకు పైగా ఊగాయి, ఒక్కటీ కూలలేదు. కానీ ఊపు వస్తే లిఫ్టులు దగ్గరి అంతస్తులో ఆగిపోతాయి, తనిఖీ అయ్యేదాకా కదలవు. అందుకని మోకాళ్ల మందులు, బీపీ మాత్ర సంచిలో ఉంచుకోండి. రెస్టారెంట్ వాళ్లు అలాంటి వేళ ఏం చేయాలో బాగా తెలిసినవాళ్లు, వాళ్లు చెప్పినట్టు కూర్చుంటే చాలు.

మీ అమ్మగారు ఉల్లి, వెల్లుల్లి, పుట్టగొడుగులు, చీజ్ వీటిలో ఏవి తినరో నాకు రాయండి. రెస్టారెంట్‌కి పంపాల్సిన ఉత్తరం జపనీస్‌లో నేను రాసిపెడతాను, మీరు తేదీ, పేరు మార్చుకుని పంపితే సరిపోతుంది.