గ్రాంటు మీద నడిచే సిస్టమ్స్ ప్రోగ్రామర్ ఉద్యోగం

ప్రశ్న: అమెరికాలో కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. పూర్తిచేసి ప్రస్తుతం ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మీద ఉన్నాను. జనం స్వచ్ఛందంగా ఇచ్చే కంప్యూటర్లతో శాస్త్ర గణనలు చేయించే డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ ప్రాజెక్టు కోసం సిస్టమ్స్ ప్రోగ్రామర్ కావాలని ఇక్కడి ఒక విశ్వవిద్యాలయం ప్రకటన ఇచ్చింది. సి ప్లస్ ప్లస్, లినక్స్, మైఎస్‌క్యూఎల్ వచ్చి ఉండాలన్నారు. జీతం కంపెనీల కంటే బాగా తక్కువ. అసలు అక్కడ చేయవలసిన పని ఏమిటి? ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి? హైదరాబాదులో ఉన్న మా నాన్నగారు మాత్రం యూనివర్సిటీ ఉద్యోగమంటే సర్కారీ కొలువు లాంటిదే, వదులుకోవద్దని అంటున్నారు.
– పేరు వద్దన్న పాఠకుడు, ఇల్లినాయ్

జవాబు: ముందుగా మీ నాన్నగారి మాట గురించి. మన దగ్గర విశ్వవిద్యాలయంలో రెగ్యులర్ పోస్టుకు ఉండే భరోసా ఇలాంటి ఉద్యోగానికి ఉండదు. జీతం చాలావరకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఇచ్చే గ్రాంటు నుంచి వస్తుంది కాబట్టి, గ్రాంటు గడువు తీరి కొత్తది మంజూరు కాకపోతే పోస్టు కూడా పోతుంది. మన దేశంలో ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉండే ప్రాజెక్ట్ అసోసియేట్ ఉద్యోగంతో పోల్చి చెబితే ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఇక పని. ఈ తరహా ప్రాజెక్టుల్లో అందరికీ తెలిసినది బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1999 మేలో ప్రారంభించిన, గ్రహాంతర జీవుల జాడ కోసం వెతికిన సెటి ఎట్ హోమ్. అరెసిబో రేడియో టెలిస్కోపు సేకరించిన సంకేతాలను చిన్న ముక్కలుగా చేసి, ప్రపంచమంతటా ఉన్న ఇళ్లలోని కంప్యూటర్లకు పంపి పరిశీలింపజేసిన ఆ ప్రాజెక్టులో 50 లక్షలకు పైగా జనం చేరారు. దాని అనుభవం నుంచే ఆ ప్రాజెక్టు సారథుల్లో ఒకరైన డేవిడ్ ఆండర్సన్ 2002లో, ఇలాంటి ప్రాజెక్టులు ఏవైనా వాడుకోగల బోయింక్ అనే సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టారు. 2020 మార్చిలో సెటి ఎట్ హోమ్ కొత్త పని పంపడం ఆపేసినా, బోయింక్ మీద ఇతర ప్రాజెక్టులు నడుస్తూనే ఉన్నాయి. ఇంత పెద్ద వ్యవస్థను నడిపినవారు మాత్రం వేళ్ల మీద లెక్కించదగినంత మందే. కోడు రాసేదీ, డేటాబేసు మొరాయిస్తే చూసేదీ, వాలంటీర్ల ఫిర్యాదులకు జవాబిచ్చేదీ ఆ కొద్దిమందే. డేటాబేసు మరమ్మతు కోసం ఆ ప్రాజెక్టు సర్వర్లను ప్రతి మంగళవారం కొన్ని గంటల పాటు ఆపేవారు. ప్రకటనలో సి ప్లస్ ప్లస్ ముందుగా కనిపించినా, మీ రోజులో ఎక్కువ భాగం ఇతరులు ఎన్నో ఏళ్ల కిందట రాసిన కోడు చదవడంలోనూ, లాగ్ ఫైళ్లు (సర్వరు తన పనిని నమోదు చేసే ఫైళ్లు) వెతకడంలోనూ గడుస్తుందని నా అంచనా.

కంపెనీ డేటా సెంటరుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఏమిటంటే, ఇక్కడ లెక్క చేసే యంత్రం మీది కాదు, దాన్ని నమ్మడానికి వీల్లేదు. ఓవర్‌క్లాక్ చేసిన (నిర్ణీత వేగాన్ని మించి నడిపిస్తున్న) ప్రాసెసర్ తప్పు జవాబు ఇవ్వవచ్చు; చేసిన పనికి వాలంటీర్లకు ఇచ్చే క్రెడిట్ పాయింట్ల కోసం ఎవరైనా దొంగ ఫలితం పంపవచ్చు; యజమాని కంప్యూటర్‌ను ఆపేసి ఊరికి వెళ్లిపోవచ్చు. అందుకే యూనివర్సిటీ పరీక్షల్లో డబుల్ వాల్యుయేషన్ చేసినట్టు, బోయింక్‌లో ఒకే పనిని ఇద్దరు వేర్వేరు వాలంటీర్లకు పంపి, ఫలితాలు సరిపోలితేనే స్వీకరించే ఏర్పాటు ఉంది. గడువులోగా జవాబు రాకపోతే అదే పని మరొకరికి వెళుతుంది. చిక్కేమిటంటే, ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ మారితే దశాంశ గణనల ఫలితాల్లో చివరి అంకెలు మారవచ్చు. అప్పుడు రెండు జవాబులూ సరైనవే అయినా సరిపోలవు. ఎంత తేడాను సమ్మతించాలి, లేక ఒకే రకం యంత్రాలకే ఆ పనిని పంపాలా అన్న నిర్ణయాన్ని శాస్త్రవేత్తతో కూర్చుని తేల్చవలసింది సిస్టమ్స్ ప్రోగ్రామరే.

ఇంటర్వ్యూకు ఈ కోణం నుంచే సిద్ధం కండి. ఉదాహరణకు, సర్వరు కొన్ని గంటలు ఆగి మళ్లీ లేచినప్పుడు లక్షల యంత్రాలు ఒక్కసారిగా వచ్చి పడితే ఏం చేస్తారని అడగవచ్చు. క్లయింటు (వాలంటీరు యంత్రంలోని ప్రోగ్రామ్) సర్వరును అందుకోలేక విఫలమైన ప్రతిసారీ ఎదురుచూసే సమయాన్ని రెట్టింపు చేస్తూ, అందులో కొంత యాదృచ్ఛికత కలపాలని చెప్పడం జవాబులో సగం మాత్రమే. పని అడిగిన ప్రతి యంత్రం కోసం డేటాబేసును తట్టకుండా, పంపవలసిన పనులను ముందుగానే షేర్డ్ మెమరీలో (పలు ప్రోగ్రాములు కలిసి వాడుకునే మెమరీలో) సిద్ధంగా ఉంచే ప్రత్యేక ప్రోగ్రామ్ బోయింక్ సర్వరులో ఉంది. దాని గురించి కూడా చెప్పగలిగితే మీరు కోడు చదివి వచ్చారని వారికి తెలుస్తుంది. ఆ సోర్స్ కోడు అందరికీ అందుబాటులో ఉన్నదే. సొంతంగా ఒక చిన్న సర్వరు పెట్టుకుని, రెండు మూడు యంత్రాలను దానికి తగిలించి, ఒకదాని చేత కావాలనే తప్పుడు ఫలితం పంపించి చూడండి.

వీసా విషయంలో ఒక మేలు ఉంది. విశ్వవిద్యాలయాలు దాఖలు చేసే హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు వార్షిక పరిమితి వర్తించదు కాబట్టి లాటరీ బెడద లేదు. అయితే తర్వాత పరిమితి వర్తించే కంపెనీకి మారదలిస్తే అప్పుడు లాటరీలో నిలబడవలసిందే. రుసుములూ నిబంధనలూ తరచుగా మారుతున్నందున విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యాలయాన్ని నేరుగా అడగండి. గ్రాంటు ఏ సంవత్సరం వరకు ఉంది, పోస్టుకు ముగింపు తేదీ రాసి ఉందా అన్న రెండు ప్రశ్నలూ ఆఫర్ లెటరు మీద సంతకం చేయక ముందే వేయండి; ఏడాదిలోపే ముగిసే గ్రాంటు అయితే, ఈ జీతానికి చేరమని నేను చెప్పను.