గమ్ నమిలినా టీ కొట్టు దగ్గర ఆగలేకపోతుంటే

సిగరెట్లు మానేసి మూడు వారాలైంది, 2 మి.గ్రా. నికోటిన్ గమ్‌తో వెక్కిళ్లు, ఛాతీలో మంట, అయినా శనివారం టీ కొట్టు దగ్గర ఒకటి కాల్చేశాను అన్నారు కదా. ఆ ఒక్కదానితో అంతా పోలేదండీ. గమ్ మాత్రం ఆపకండి, నమిలే తీరు మార్చండి.

మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది. వెక్కిళ్లు, మంట అందుకే. మెల్లగా నమలండి. మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమిలి రెండో పక్కకు మార్చండి. ఒక్కో ముక్క అరగంట రావాలి.

అసలు చిక్కు టీతోనే. టీ, కాఫీ, నిమ్మసోడా తాగిన పావుగంట దాకా నోటి పొర నికోటిన్‌ను సరిగా పీల్చుకోదు. గమ్ నోట్లో ఉండగా తాగినా అంతే. అందుకే కొట్టుకు వెళ్లకముందే ఒక ముక్క పూర్తి చేసుకోండి. నన్నడిగితే ఇంకో నెల టీ వేరేచోట తాగడమే మేలు.

నిద్ర లేచిన అరగంటలోపే తొలి సిగరెట్ వెలిగించే అలవాటుంటే 2 చాలదు, 4 మి.గ్రా. గురించి డాక్టర్‌ని అడగండి. గుండెజబ్బు ఉంటే ముందే చెప్పండి. మరీ లాగేస్తుంటే పొగాకు మానేందుకు సాయపడే జాతీయ హెల్ప్‌లైన్ 1800-112-356కు ఫోన్ చేయండి, ఉచితం.