మీ మీటరు నిజమే చెబుతోందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం మెగ్గర్లు (ఇన్సులేషన్ నిరోధం కొలిచేవి), టాంగ్ టెస్టర్లు (వైరు చుట్టూ దవడలు పెట్టి కరెంటు కొలిచేవి), మల్టీమీటర్ల క్యాలిబ్రేషన్ మీదే, అంటే మీటరు రీడింగుని ప్రామాణిక పరికరంతో పోల్చి తప్పు ఎంతో తేల్చడం మీదే. ఆడిట్ల కాలం కాబోలు. ఒకే విషయం అడిగిన వాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని. ఒక మందుల కంపెనీలో ప్యానెళ్ళ పని దొరికింది. టెస్ట్ రిపోర్టులతో పాటు మెగ్గర్, ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్లకి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) సర్టిఫికెట్లు పెట్టమంటున్నారు. మా ఊళ్ళో ఒకాయనకి పొద్దున మీటరు ఇస్తే సాయంత్రానికల్లా స్టిక్కరు, కాగితం చేతిలో పెడతాడు. ల్యాబ్ వాళ్ళేమో దానికి నాలుగైదు రెట్లు అడుగుతున్నారు, పైగా వారం ఆగమంటున్నారు. నిజంగా తేడా ఉందా సార్, లేక అంతా కాగితాల వ్యవహారమేనా?
– ఒక కాంట్రాక్టర్, తాడేపల్లిగూడెం

జవాబు: తేడా ఉంది, కానీ స్టిక్కరు చూస్తే అది తెలియదు. మీ మెగ్గర్‌ని ల్యాబులో ఉన్న ప్రామాణిక పరికరంతో పోలుస్తారు, ఆ పరికరాన్ని దానికంటే మెరుగైన ఇంకోదానితో పోల్చి ఉంటారు, అలా పైకి వెళ్తూ వెళ్తూ చివరికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల లాంటి జాతీయ సంస్థ దగ్గర ఆగుతుంది. దీన్నే ట్రేసబిలిటీ అంటారు. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా మీ కాగితానికి విలువ లేదు. మీ ఊరాయన దగ్గరున్న మీటరు దేనితో పోల్చింది, ఎప్పుడు పోల్చింది అని ఒక్కసారి అడిగి చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఇచ్చేది ఐఎస్ఓ/ఐఈసీ 17025 అనే ప్రమాణం ప్రకారం, ఇప్పుడు నడుస్తున్నది 2017 నాటి ప్రతి. అయితే గుర్తింపు ల్యాబుకి మొత్తంగా రాదు, ఏ కొలత, ఏ రేంజి, ఎంత అనిశ్చితితో (కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకె) అన్నది ఒక్కొక్కటిగా రాసి ఇస్తారు. దాన్ని స్కోప్ అంటారు, ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. తూకాలకి గుర్తింపు ఉన్న ల్యాబు మీ మెగ్గర్‌కి సర్టిఫికెట్ ఇస్తే దాని మీద ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉండకూడదు. కాబట్టి డబ్బు కట్టేముందు స్కోపులో మెగోముల రేంజి ఉందో లేదో చూసుకోండి. సర్టిఫికెట్ చేతికి వచ్చాక యూఎల్ఆర్ నంబరు (ఒక్కో సర్టిఫికెట్‌కి ఇచ్చే ప్రత్యేక సంఖ్య) ఉందా, ప్రతి పాయింటు దగ్గర అనిశ్చితి రాశారా, వాళ్ళు వాడిన ప్రామాణిక పరికరం వివరాలు, దాని గడువు తేదీ ఉన్నాయా అన్నది చూడండి. అనిశ్చితి లేని సర్టిఫికెట్ అయితే వెనక్కి ఇచ్చేయండి, మొహమాటపడొద్దు. హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ నాణ్యతా విభాగం ఎస్‌టీక్యూసీ కింద పనిచేసే ఈటీడీసీ అనే ల్యాబు ఉంది, ప్రైవేటు ల్యాబులూ చాలానే ఉన్నాయి.

మెగ్గర్ విషయంలో ఇంకో మాట, దీన్ని చాలామంది వదిలేస్తారు. ల్యాబులో 1 మెగోము, 10 మెగోములు, 100 మెగోముల రెసిస్టర్లు పెట్టి రీడింగు సరిగ్గా ఉందా అని చూసి పంపేస్తారు. అది సగం పనే. 500 వోల్టుల మెగ్గర్ నిజంగా 500 వోల్టులు ఇస్తోందా? లోడు లేనప్పుడు ఇవ్వడం కాదు, 1 మిల్లీ యాంపు లాగుతున్నప్పుడు, అంటే అర మెగోము ఎదురుగా ఉన్నప్పుడు ఇవ్వాలి. ఇలాంటి టెస్టర్లకి వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61557 రెండో భాగం అడిగేది ఇదే. పాత చేతి మెగ్గర్లు, బ్యాటరీ నీరసించిన డిజిటల్ మెగ్గర్లు లోడు పడగానే కుంగిపోతాయి. తక్కువ వోల్టేజీలో తడి ఇన్సులేషన్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది, మీరేమో ఒక మెగోము దాటింది కదా అని లైను ఛార్జ్ చేస్తారు. అందుకే ల్యాబుకి ఇచ్చేటప్పుడే అవుట్‌పుట్ వోల్టేజీ లోడు మీద కూడా కొలవమని కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే కౌంటరు దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: మా ప్లాంటు మల్టీమీటర్‌కి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. అందులో 230 వోల్టుల దగ్గర తప్పు ప్లస్ 2.1 వోల్టులు, అనిశ్చితి ±0.6 వోల్టులు అని ఉంది. పాసా ఫెయిలా ఎక్కడా రాయలేదు. మా మేనేజర్ మాత్రం సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి మీటరు ఓకే అంటున్నారు.
– మెయింటెనెన్స్ టెక్నీషియన్, గాజువాక

జవాబు: మీ మేనేజర్ గారు కాగితం వచ్చిందా లేదా అని మాత్రమే చూస్తున్నారు, ఆడిటర్లలో సగం మంది కూడా అంతే చూస్తారు లెండి. క్యాలిబ్రేషన్ అంటే రిపేరు కాదు, సర్దుబాటు కూడా కాదు. మీ మీటరు ఎంత తప్పు చెబుతోందో కొలిచి రాసివ్వడం, అంతే. బాగా తప్పు చూపించే మీటరుకి కూడా నిఖార్సైన సర్టిఫికెట్ వస్తుంది. పాసో ఫెయిలో రాయమని మీరు ముందుగా అడిగి, ఏ లెక్కన తేల్చాలో ఒప్పుకుంటేనే ల్యాబు ఆ మాట రాస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ మీటరు మాన్యువల్లో ఏసీ వోల్టులకి ±(0.5 శాతం + 2 కౌంట్లు) అని ఉందనుకుందాం, డిస్‌ప్లే 230.0 అని ఒక దశాంశం చూపిస్తుందనుకుందాం. 230లో అర శాతం 1.15 వోల్టులు. కౌంటంటే డిస్‌ప్లేలో చివరి అంకె ఒకటి మారడం, ఇక్కడ రెండు కౌంట్లంటే 0.2. మొత్తం 1.35 వోల్టులు, తయారీదారు ఒప్పుకున్న హద్దు ఇది. మీకు వచ్చిన తప్పు 2.1. అందులోంచి అనిశ్చితి 0.6 తీసేసినా 1.5 మిగులుతోంది, అంటే ఎంత దయతలిచి చూసినా మీటరు హద్దు బయటే ఉంది. మీ మాన్యువల్లో వేరే అంకెలుంటే అవి పెట్టి ఇదే లెక్క వేసుకోండి.

అలాగని దాన్ని వెంటనే అవతల పారేయక్కర్లేదు. ఫేజు వస్తోందా లేదా, మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయా అని చూసుకునే పనికి రెండు వోల్టుల తప్పు అడ్డం కాదు. అదే మీటరుతో స్టెబిలైజర్లు సెట్ చేస్తున్నా, కస్టమర్‌కి ఇచ్చే రిపోర్టులో అంకెలు రాస్తున్నా కుదరదు, సర్వీసుకి పంపాలి. పంపేటప్పుడు సర్దుబాటుకి ముందు రీడింగులు, తర్వాత రీడింగులు రెండూ కావాలని అడగండి. ముందువి లేకపోతే నిరుడంతా మీరు రాసిన అంకెలు ఎంత తప్పో మీకే తెలియదు. మీది ఐఎస్ఓ 9001 కంపెనీ అయితే ఇది తప్పనిసరి కూడా, మీటరు పనికిరాదని తేలినప్పుడు దానితో అంతకుముందు చేసిన కొలతల మీద ప్రభావం పడిందా అని వెనక్కి వెళ్ళి చూడాలని 7.1.5.2 క్లాజులో స్పష్టంగా ఉంది. మేనేజర్ గారికి ఆ క్లాజు చూపించండి.

ప్రశ్న: ఎండాకాలం బయట యార్డులో ఒక రీడింగు, అదే పాయింటు మీద పొద్దున్నే ఇంకో రీడింగు. మీటరు పాడైందా?
– ఒక చదువరి, రామగుండం

జవాబు: సప్లయ్ వోల్టేజీ కూడా పొద్దుటికీ మధ్యాహ్నానికీ మారుతుంది, ముందు అది గుర్తుపెట్టుకోండి. ఇక మీటరు సంగతి. స్పెసిఫికేషన్‌లో రాసిన ఖచ్చితత్వం మామూలుగా 18 నుంచి 28 డిగ్రీల మధ్యే వర్తిస్తుంది. అది దాటాక ఒక్కో డిగ్రీకి ఆ ఖచ్చితత్వంలో పదో వంతు అదనంగా కలపాలని చాలా మాన్యువళ్ళలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ దగ్గర 43 డిగ్రీలనుకోండి, 28 దాటి 15 డిగ్రీలు, అంటే ఒకటిన్నర రెట్లు అదనం. పైన చెప్పిన 1.35 వోల్టుల హద్దు కాస్తా దాదాపు 3.4 వోల్టులు అవుతుంది. మన ఎండలకి ఇది పెద్ద విషయమే, అయినా దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎండలో మీటరుని ఇనప ప్యానెల్ మీద పెట్టి వదిలేయకండి, దాని లోపల వేడి గాలి కంటే ఎక్కువ ఉంటుంది. బ్యాటరీ గుర్తు వెలుగుతోందేమో కూడా చూడండి, బ్యాటరీ దిగిపోతే డిజిటల్ మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మామూలే.

ప్రశ్న: నేను ఇళ్ళలో వైరింగ్ చేస్తాను. నా దగ్గర ఒక టెస్టర్, తక్కువ ధర మల్టీమీటరు ఉన్నాయి. షాక్ కొట్టకుండా ఉండాలంటే వీటిని క్యాలిబ్రేషన్ చేయించాలా అన్నయ్యా?
– ఎలక్ట్రీషియన్, గుంటూరు

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ డబ్బులతో మంచి మీటరు కొనుక్కో. క్యాలిబ్రేషన్ అంకె సరిగ్గా ఉందో లేదో చెబుతుంది, చేతిలో మీటరు పేలకుండా కాపాడదు. కాపాడేది దాని క్యాటగిరీ, అంటే ఎలాంటి చోట వాడొచ్చో చెప్పే భద్రతా తరగతి. డిస్ట్రిబ్యూషన్ బోర్డుల దగ్గర పనికి క్యాట్ 3, 600 వోల్టులు అని రాసి ఉన్నది కావాలి, సర్వీసు వైరు వచ్చే చోట, మీటరు బోర్డు దగ్గర క్యాట్ 4. చవక మీటర్ల మీద కూడా క్యాట్ 3 అని ముద్రిస్తారు, వెనక మూత తీసి చూస్తే లోపల చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది. యాంపుల సాకెట్లో వైరు పెట్టి మరచిపోయి 230 మీద పెట్టావంటే ఆ గాజు ఫ్యూజు ఆపలేదు. దాన్ని ఆపడానికే పింగాణీ గొట్టంలో ఇసుక నింపిన హెచ్ఆర్‌సీ ఫ్యూజు ఉండాలి. అది కాలిపోతే అదే రకం కొని వెయ్యాలి, రాగి తీగ చుట్టేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకోవద్దు. పొడి చెక్క స్టూలు మీద నిలబడితే వెలగకపోవచ్చు, ఎండలో వెలిగినా కనిపించదు. వైరు ముట్టుకునే ముందు మీటరుని కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో పెట్టి చూడు, తర్వాత పనిచేసే చోట చూడు, మళ్ళీ ఆ ప్లగ్గులోనే పెట్టి చూడు. మధ్యలో మీటరు చచ్చిపోతే మూడోసారి బయటపడుతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మెయిన్ ఆఫ్ చేసినా కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది, అది వేరే చెప్పాలా.

ప్రశ్న: సోలార్ ప్లాంటులో పనిచేస్తున్నాను. మీటర్లన్నీ ఏడాదికోసారి పంపాలని రూలు ఉందా? సర్టిఫికెట్లో తర్వాతి తేదీ కూడా రాయలేదు.
– టెక్నీషియన్, ఓర్వకల్లు

జవాబు: ఏడాది అనేది ఎక్కువగా అలవాటు. కాంట్రాక్టులోనో మీ కంపెనీ విధానంలోనో ఉంటే పాటించాలి, అంతే తప్ప అన్ని మీటర్లకీ ఒకే గడువు పెట్టిన శాస్త్రం లేదు. తర్వాతి తేదీ రాయకపోవడం ల్యాబు లోపం కాదు. మీరు అడగనిదే గడువు సూచించకూడదని 17025లోనే ఉంది, తేదీ నిర్ణయించే బాధ్యత మీటరు యజమానిది. నాలుగైదేళ్ళ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు ఏటా అక్కడక్కడే ఉంటే గడువు పెంచుకోవచ్చు, హద్దు వైపు జరుగుతూ పోతుంటే తగ్గించాలి. కింద పడ్డా, తడిసినా, ఫ్యూజు పోయినా గడువు చూడకుండా పంపేయాలి.

మధ్యలో మీరే చూసుకోవడానికి ఒక పద్ధతి. స్టోర్లో ఒక మంచి మీటరుని బయటికి తీయకుండా ఉంచండి, సైటు మీటర్లన్నిటినీ నెలకోసారి ఒకే సోర్సు మీద దానితో పోల్చి పుస్తకంలో రాయండి. టాంగ్ టెస్టర్ దవడల మధ్య దుమ్ము చేరితే రీడింగు తగ్గుతుంది, మెత్తటి గుడ్డతో తుడవండి. డీసీ కొలిచేటప్పుడు ప్రతిసారీ జీరో నొక్కండి. మీ స్ట్రింగులు (వరసగా కలిపిన ప్యానెళ్ళు) 1500 వోల్టులవైతే 1000 వోల్టుల మీటరుని దగ్గరికి కూడా తీసుకెళ్ళకండి, దానికి ఎంత తాజా సర్టిఫికెట్ ఉన్నా సరే.

ప్రశ్న: ఇండియాలో చేయించిన క్యాలిబ్రేషన్ ఇక్కడ చెల్లుతుందా? సెలవుకి వచ్చినప్పుడు నా టూల్స్ చేయించుకుందామని.
– ఒక చదువరి, దమ్మాం

జవాబు: ఎన్‌ఏబీఎల్ గుర్తింపుని ఇతర దేశాల సంస్థలు గౌరవించాలన్న అంతర్జాతీయ పరస్పర ఒప్పందం ఉంది, కాబట్టి సూత్రప్రకారం చెల్లాలి. కానీ కొన్ని క్లయింట్లు స్థానిక ల్యాబు కాగితమే కావాలని కాంట్రాక్టులో రాస్తారు. ముందు మీ సైటు క్వాలిటీ వాళ్ళని అడిగి, తర్వాతే ఖర్చు పెట్టండి.

ప్రశ్న: మా ఇంటి కరెంటు మీటరు పరిగెడుతోంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ టాంగ్ టెస్టర్ పెట్టి, ఇది తప్పు మీటరే అన్నాడు. నిజమేనా అండీ?
– గృహిణి, కరీంనగర్

జవాబు: దానితో తేల్చలేరమ్మా. ఇళ్ళ మీటర్లు క్లాస్ 1, అంటే దాదాపు ఒక శాతం తప్పు దాకా సరే. ఆ టాంగ్ టెస్టర్ తానే రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది, పైగా అది యాంపులు మాత్రమే చెబుతుంది, ఫ్రిజ్, ఫ్యానులకి పవర్ ఫ్యాక్టర్ (ఆ యాంపుల్లో నిజంగా పనికొచ్చే వాటా) లెక్కలోకి రావాలి.

మీరే ఒక మోటు పరీక్ష చేసుకోవచ్చు. ముందు అన్నీ ఆపేసి చూడండి, ఎర్ర లైటు ఇంకా మిణుకుతుంటే తప్పు మీటరుది కాకపోవచ్చు, వైరింగులో లీకేజీయో, మీ లైను మీద ఇంకెవరి లోడో ఉండొచ్చు. తర్వాత 1000 వాట్ల హీటరు ఒక్కటే వేయండి. మీటరు మీద యూనిట్‌కి 3200 పల్సులు అని రాసి ఉంటే నిమిషానికి 53 సార్లు మిణకాలి. వోల్టేజీ 210 ఉంటే మాత్రం ఆ హీటరు దాదాపు 830 వాట్లే తీసుకుంటుంది, అప్పుడు 44 సార్లు వస్తే చాలు. 65, 70 వస్తే అనుమానించాల్సిందే. అప్పుడు డిస్కం సెక్షన్ ఆఫీసులో మీటరు పరీక్షకి దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, రసీదు తీసుకోండి. పరీక్షించేటప్పుడు మీరూ అక్కడే ఉండి, తప్పు ఎంత శాతమో కాగితం మీద అడిగి తీసుకోండి. వాళ్ళ సమాధానం సరిపోకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి వెళ్ళొచ్చు, అక్కడ ఆ రసీదు, ఆ కాగితం రెండూ అడుగుతారు.